మసి పూస్తే మాయమవుతుందా?

పెళ్లీడుకొచ్చిన అమ్మాయి ఉన్న ఇల్లు అనుకోండి. సంబంధాలు చూస్తున్నారు. అమ్మాయి బయోడేటాను చక్కగా టైపు చేసి, పీడీఎఫ్‌గా మార్చి వాట్సాప్‌లో నలుగురికీ పంపాలి. "ఇంటి అడ్రసూ, నీ జీతమూ ఊరందరికీ ఎందుకే? అవి కనిపించకుండా చేసి పంపు" అంది తల్లి. కూతురికీ అదే మంచిదనిపించింది. వీధి చివర నెట్ సెంటరుకు వెళ్లింది. అక్కడి కుర్రాడు "ఇంతేనా అక్కా, ఒక్క నిమిషం" అంటూ ఆ రెండు లైన్ల మీదా నల్లటి పట్టీలు వేసి ఇచ్చేశాడు. ఒక్క అక్షరం కూడా కనిపించట్లేదు. తల్లీకూతుళ్లు నిశ్చింతగా అందరికీ పంపేశారు.

వారం తిరక్కుండానే ముక్కూ మొహం తెలియని మనిషెవరో గుమ్మంలో నిలబడ్డాడు. "మా అడ్రసు మీకెవరిచ్చారు?" అంటే "మీరు పంపినదాంట్లోనే ఉందిగా అండీ" అన్నాడు.

నిజమే, అందులోనే ఉంది! నల్లపట్టీ కింద చెక్కుచెదరకుండా ఉంది. ఆ పట్టీ మీదుగా మౌసు లాగి, కాపీ చేసి, మరోచోట పేస్టు చేస్తే చాలు... ఇంటి నంబరుతో సహా బయటపడుతుంది.

ఇది ఊహించి చెప్పిన కథే. ఇందులోని పొరపాటు మాత్రం కల్పన కాదు. అమెరికాలో విమానాశ్రయాల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ టీఎస్ఏ అచ్చం ఇలాగే బోల్తా పడింది. ప్రయాణికులను ఎలా తనిఖీ చేయాలో సిబ్బందికి చెప్పే పుస్తకాన్ని, రహస్య భాగాలపై నల్లపట్టీలు వేసి ఇంటర్నెట్‌లో పెట్టింది. పట్టీల కింది అక్షరాలు అలాగే ఉన్న సంగతి 2009 డిసెంబరులో బయటపడి పెద్ద గొడవైంది. తొమ్మిదేళ్లు తిరిగాక 2019 జనవరిలో ట్రంప్ మాజీ ప్రచార సారథి పాల్ మానఫోర్ట్ తరఫు లాయర్లు కోర్టుకిచ్చిన పత్రంలోనూ ఇదే తంతు. వాళ్లు దాచామనుకున్న వాక్యాలను విలేకరులు కాపీ చేసుకుని చదివేశారు.

అంతంత చదువులు చదివినవాళ్లే తప్పటడుగు వేస్తే, మనలాంటివాళ్లం వేయమా? అలాగని భయపడాల్సిన పనీ లేదు. పిల్లల మార్కుల మెమోలు, కరెంటు బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆస్పత్రి రిపోర్టులు, అద్దె ఒప్పందాలు... ఇవాళ ఇంటి కాగితాల్లో సగం పీడీఎఫ్‌లుగానే వస్తున్నాయి. బీరువా తాళాలు మన బొడ్లో ఉన్నప్పుడు ఈ కాగితాల సంగతి మాత్రం ఎవరో ఎందుకు చూడాలి? నాలుగు కిటుకులు తెలిస్తే మనమే చక్కబెట్టుకోవచ్చు.

వేగిన జంతిక

ముందు అసలీ పీడీఎఫ్ ఏమిటో చూద్దాం. కంప్యూటరులో మామూలుగా టైపు చేసే వర్డ్ ఫైలు కలిపిన పిండిలాంటిది. ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ కలుపుకోవచ్చు, ఆకారం మార్చుకోవచ్చు. అందుకే ఒక కంప్యూటరులో ముచ్చటగా కనిపించిన ఉత్తరం, మరో కంప్యూటరులో లైన్లు తప్పి, అక్షరాలు చెదిరి కనిపిస్తుంటుంది. పీడీఎఫ్ వేగిన జంతికలాంటిది. దాని ఆకారం స్థిరపడిపోయింది. ఏ కంప్యూటరులో తెరిచినా, ఏ ఫోనులో చూసినా, ఎక్కడ ప్రింటు తీసినా అదే రూపం.

అమెరికాలోని అడోబీ సంస్థ స్థాపకుల్లో ఒకరైన జాన్ వార్నాక్ 1991లో ఈ ఆలోచన చేశారు. ఏ కంప్యూటరులో తయారైన కాగితమైనా ఇంకే కంప్యూటరులోనైనా ఉన్నదున్నట్టు కనిపించాలన్నది ఆయన కోరిక. 1993లో పీడీఎఫ్ బయటికొచ్చింది. 2008లో అంతర్జాతీయ ప్రమాణంగా మారింది. దీన్ని తెరిచే, దిద్దే సాఫ్ట్‌వేర్లను ఎవరైనా తయారుచేసుకునే వీలుంది. ఇన్ని ఉచిత సాఫ్ట్‌వేర్లు రావడానికి అదీ ఒక కారణం.

వేగిన జంతికను మళ్లీ పిండి చేయడం కష్టమేగా! అందుకే పీడీఎఫ్‌లో మార్పులు వర్డ్‌లో చేసినంత సులువుగా సాగవు. ఇంట్లో అసలు వర్డ్ ఫైలు ఉంటే దాన్ని దిద్దుకుని, మళ్లీ పీడీఎఫ్ చేసుకోవడమే అన్నిటికంటే తేలిక. అందుకే బయోడేటా అయినా, ఉద్యోగ దరఖాస్తు అయినా ఎవరిచేతనైనా టైపు చేయిస్తే పీడీఎఫ్‌తోపాటు వర్డ్ ఫైలు కూడా అడిగి తీసుకోండి. లేకపోతే ఒక్క ఫోన్ నంబరు మార్చడానికి మళ్లీ మొదటినుంచీ టైపు చేయించాల్సి వస్తుంది.

గోటితో పోయేదానికి...

పీడీఎఫ్‌ను దిద్దడం అనగానే డబ్బు పోసి సాఫ్ట్‌వేర్ కొనాలేమో అనుకుంటారు చాలామంది. రోజూ ఆఫీసులో ఇదే పని చేసేవాళ్లకు అడోబీ ఆక్రోబాట్‌లాంటివి అవసరమే. ఇంటి అవసరాలకు మాత్రం గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

దరఖాస్తు ఫారం నింపి సంతకం పెట్టాలా? అడోబీ రీడర్ ఉచితమే. అందులోని 'ఫిల్ అండ్ సైన్' తెరిచి ఖాళీల్లో టైపు చేయవచ్చు, వేలితో సంతకమూ గీయవచ్చు. ముఖ్యమైన లైన్లకు రంగు పూయడం, పక్కన చిన్న చీటీలా గమనిక రాసుకోవడం కూడా అందులో వీలవుతుంది.

పది, ఇంటర్, డిగ్రీ మెమోలన్నీ కలిపి ఒకే ఫైలుగా పంపమన్నారా? కంప్యూటరులో 'పీడీఎఫ్‌శామ్ బేసిక్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఫైళ్లను కలపవచ్చు, విడదీయవచ్చు, అడ్డంగా పడుకున్న పేజీని నిలబెట్టవచ్చు. ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది.

అసలు అక్షరాలనే మార్చాలా? లిబ్రెఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 'డ్రా' అనే భాగం ఉంటుంది. పీడీఎఫ్‌ను అందులో తెరిస్తే ఒక్కో లైనునూ పట్టుకుని దిద్దవచ్చు. మైక్రోసాఫ్ట్ వర్డ్ కూడా 2013 నాటి వెర్షన్ నుంచి పీడీఎఫ్‌ను తెరిచి, దిద్దడానికి వీలుగా మార్చి ఇస్తోంది. కాకపోతే పట్టికలూ బొమ్మలూ ఉన్న పేజీలు కాస్త చెదురుతాయి. తెలుగు పేజీలైతే మరీనూ!

ఉన్న ఫైల్లోంచి ఒక్క పేజీయే కావాలా? ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. ఫైలు తెరిచి 'ప్రింట్' నొక్కండి. ప్రింటరు పేరు ఉండే చోట 'సేవ్ యాజ్ పీడీఎఫ్' అని గానీ, 'మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్' అని గానీ ఎంచుకుని, కావలసిన పేజీ నంబరు ఇస్తే సరి. ఆ పేజీ ఒక్కటే కొత్త ఫైలుగా వస్తుంది.

ఫైలు బరువెక్కితే...

రేపటితో గడువు ముగుస్తుందనగా రాత్రి పదింటికి కూతురు పరుగెత్తుకొస్తుంది. "అమ్మా, ఫైలు రెండొందల కేబీ లోపే ఉండాలట. ఇది మూడు ఎంబీలుంది, ఎక్కట్లేదు!" ఆ వేళప్పుడు ఏ షాపు తెరిచి ఉంటుంది?

ఫైలు ఎందుకు బరువెక్కుతుందో తెలిస్తే తగ్గించడమూ తెలుస్తుంది. అక్షరాలకు పెద్దగా చోటు పట్టదు. బరువంతా ఫొటోలదే. స్కాన్ చేసిన కాగితం కంప్యూటరు దృష్టిలో చుక్కల ముగ్గు. అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పేదే డీపీఐ. ఏ4 కాగితాన్ని 300 డీపీఐతో స్కాన్ చేస్తే దాదాపు 87 లక్షల చుక్కలు. అదే 150కి తగ్గిస్తే నిలువులో సగం, అడ్డంలో సగం తగ్గి, మొత్తం నాలుగో వంతుకు వచ్చేస్తుంది. సుమారు 22 లక్షలు. మామూలు అక్షరాలు చదవడానికి 150 సరిపోతుంది. సన్నటి అక్షరాలుంటే 200 పెట్టుకోండి. రంగులతో పనిలేని కాగితాన్ని నలుపు తెలుపుల్లో స్కాన్ చేస్తే బరువు ఇంకా తగ్గుతుంది.

లిబ్రెఆఫీస్ డ్రాలో ఫైలు తెరిచి, 'ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్' నొక్కితే బొమ్మల నాణ్యతనూ, డీపీఐనీ తగ్గించే అవకాశం కనిపిస్తుంది. విండోస్ కంప్యూటరున్నవాళ్లు పీడీఎఫ్24 క్రియేటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌నూ వాడుకోవచ్చు. తగ్గించాక ఫైలు ఒకసారి తెరిచి, పెద్దది చేసి చూడండి. హాల్‌టికెట్ నంబరులో 3కీ 8కీ తేడా తెలియకపోతే మరీ తగ్గించేశారన్నమాట. అసలు ఫైలును మాత్రం అలాగే ఉంచుకోండి. తగ్గించిన నాణ్యత మళ్లీ పెరగదు.

అమ్మమ్మ చేతిరాత

పెళ్లినాటి శుభలేఖ, నాన్న సర్వీసు కాగితాలు, ఆవకాయ కొలతలు రాసిపెట్టిన అమ్మమ్మ నోటుపుస్తకం... పసుపు మరకలు పడి, మడతల దగ్గర చిరిగిపోతున్నవాటిని కూడా పీడీఎఫ్ చేసి దాచుకోవచ్చు. ఇందుకు స్కానరు అక్కర్లేదు. గూగుల్ డ్రైవ్, అడోబీ స్కాన్‌లాంటి యాప్‌లతో ఫోను కెమెరాయే స్కానరవుతుంది. కాగితం అంచులు గుర్తించి, వంకరను సరిచేసి, నీడల్ని తగ్గించి తెల్లగా చూపిస్తాయి. కిటికీ దగ్గర పగటి వెలుతురులో, ముదురు రంగు బల్లమీదో దుప్పటిమీదో కాగితం పరిచి తీయండి. తల మీద లైటు వెలుగుతుంటే మన నీడే కాగితం మీద పడుతుంది.

ఇలా తీసినవి సాధారణంగా ఫొటోలే. అందులో ఒక పదం కోసం వెతికితే దొరకకపోవచ్చు. అక్షరాలుగా మార్చాలంటే ఓసీఆర్ అనే ప్రక్రియ కావాలి. ఆ పీడీఎఫ్‌ను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే బొమ్మలోని అక్షరాలను చదివి టైపు చేసినట్టు ఇస్తుంది. తెలుగును కూడా చదువుతుంది. ఒత్తుల దగ్గరా, దీర్ఘాల దగ్గరా తడబడుతుంది కాబట్టి ఒకసారి సరిచూసుకోవాల్సిందే. చేతిరాతతో మాత్రం తిప్పలే. అమ్మమ్మ పుస్తకాన్ని బొమ్మగానే ఉంచి, ఫైలు పేరులో వంటకం పేరు రాసి పెట్టుకోవడం మేలు.

తెలుగు పీడీఎఫ్‌లతో మరో చిక్కుంది. చక్కటి తెలుగు కనిపిస్తుంటే కాపీ చేసి పేస్టు చేస్తాం. తీరా చూస్తే పిచ్చి ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ వస్తాయి! ఫైలు పాడైందని కంగారు పడకండి. మన ప్రెస్సుల్లో, డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి అను లాంటి పాత పద్ధతి ఫాంట్లు వాడారు. వాటిలో ఇంగ్లిషు అక్షరాల స్థానంలో తెలుగు ఆకారాలు కూర్చి పెట్టారు. కంటికి తెలుగే, కంప్యూటరుకు మాత్రం ఇంగ్లిషు. అలాంటప్పుడు ఆ పేజీని ఫొటోగా మార్చి ఓసీఆర్ చేయడం ఒక ఉపాయం. కొత్తగా టైపు చేయించేటప్పుడు 'యూనికోడ్ ఫాంటులో చేయండి' అని అడిగితే ముందుముందు ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

ముగ్గు మీద పీట

ఇప్పుడు మొదటి కథకు వద్దాం. నల్లపట్టీ కింద అక్షరాలు ఎలా మిగిలాయి?

పీడీఎఫ్ లోపల ఉండేవి వరుసగా రాసిన ఆజ్ఞలు. 'ఇక్కడ ఈ అక్షరం పెట్టు, అక్కడ ఆ గీత గియ్యి' అన్నట్టుగా. నల్లపట్టీ వేస్తే 'దానిమీద ఒక నల్ల డబ్బా గియ్యి' అని మరో ఆజ్ఞ చేరుతుందే తప్ప, కింది అక్షరాలు ఎక్కడికీ పోవు. ముగ్గు మీద పీట వేసినట్టన్నమాట. పీట తీస్తే ముగ్గు కనిపిస్తుంది. ముగ్గు పోవాలంటే నీళ్లు పోసి కడగాల్సిందే.

కడిగే పనికి ఇంగ్లిషులో 'రిడాక్ట్' అని పేరు. ఆక్రోబాట్ ప్రోలో ఆ పేరుతోనే పరికరం ఉంది. డబ్బు పెట్టనక్కర్లేకుండా లిబ్రెఆఫీస్‌లోనూ 2019లో వచ్చిన 6.3 వెర్షన్ నుంచి 'టూల్స్' కింద 'రిడాక్ట్' ఉంది. దాచాల్సినచోట డబ్బా గీసి, రిడాక్ట్ చేసిన పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేస్తే పేజీ మొత్తం బొమ్మగా మారిపోతుంది. కాపీ చేయడానికి కింద అక్షరాలే మిగలవు.

ఇదంతా ఎందుకంటారా? అయితే మన నాటు పద్ధతే మేలు. పేజీని ప్రింటు తీయండి. దాచాల్సినచోట తెల్లకాగితం ముక్క అంటించండి. మళ్లీ ఫొటో తీసి పీడీఎఫ్ చేయండి. కాగితం వెనకాల ఏముందో ఏ కంప్యూటరూ చెప్పలేదు!

ఫోనులో ఫొటో మీద వేలితో నల్లరంగు పూసి పంపేవాళ్లు ఒక సంగతి గమనించాలి. హైలైటర్‌లా పలచగా పడే రంగు వాడితే, నాలుగుసార్లు రుద్దినా కింది అంకెలు మసకగా మిగిలే ఉంటాయి. వెలుగు పెంచి చూస్తే చదవవచ్చు. పూర్తిగా మూసేసే డబ్బా ఆకారాన్నే వాడండి. అలాగే పీడీఎఫ్ పేజీని 'క్రాప్' చేసినంతమాత్రాన అంచులు తెగిపోవు, కనిపించకుండా ఉంటాయంతే. పైగా కొన్ని సాఫ్ట్‌వేర్లు సేవ్ చేసేటప్పుడు పాత సమాచారాన్ని చెరపకుండా, మార్పుల్ని ఫైలు చివర చేరుస్తాయి. ఫైలు 'ప్రాపర్టీస్'లో తయారుచేసినవారి పేరు, తేదీ కూడా ఉండిపోవచ్చు. పంపేముందు అదీ ఓసారి చూడండి.

భర్త వేధింపులు తాళలేక వేరే ఊళ్లో తలదాచుకున్న ఇల్లాలు, కోర్టుకో ఆఫీసుకో కాగితం పంపుతూ కొత్త అడ్రసు మీద నల్లపట్టీ వేసిందనుకోండి. ఆ పట్టీ కింద ఏం మిగిలిందన్నది అక్కడ చిన్న విషయం కాదు. ఆమె ప్రాణానికి సంబంధించిన సంగతి.

ఆధార్ సంగతి

ఆధార్ నంబరును దాచడానికి ఈ తంటాలేమీ అక్కర్లేదు. ఆధార్ సంస్థ వెబ్‌సైట్లోనే 'మాస్క్‌డ్ ఆధార్' తీసుకోవచ్చు. 12 అంకెల్లో మొదటి 8 కనిపించవు, చివరి 4 మాత్రమే ఉంటాయి. లాడ్జిలోనో, అద్దెకు దిగేచోటో గుర్తింపు కోసం అడిగితే ఇదిస్తామని చెప్పి చూడండి.

ఈ-ఆధార్ ఫైలుకు పాస్‌వర్డు ఉంటుందని ధీమా పడతాం. అదేమిటో తెలుసుగా? పేరులో మొదటి నాలుగు ఇంగ్లిషు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం. మన పేరూ వయసూ తెలిసినవాళ్లెవరైనా తెరవగలరు. దాన్ని గట్టి తాళం అనుకోవద్దు. మనం సొంతంగా పాస్‌వర్డు పెట్టి పంపే ఫైళ్లకైతే ఆ పాస్‌వర్డును ఫోనులో మాటగా చెప్పండి. ఫైలు పక్కనే రాసి పంపితే తాళంచెవిని తాళానికే వేలాడదీసినట్టు.

దిద్దకూడనివీ ఉన్నాయి

ఈ-ఆధార్ లాంటి కొన్ని ఫైళ్లలో డిజిటల్ సంతకం ఉంటుంది. ఇది వేలితో గీసే సంతకం లాంటిది కాదు. ఫైలు జారీ అయినప్పుడు ఎలా ఉందో అలాగే ఉందని చెప్పే ముద్ర. అడోబీ రీడర్‌లో తెరిచి సంతకాన్ని సరిచూసే పని పూర్తిచేస్తే ఆకుపచ్చ టిక్కు కనిపిస్తుంది. ఆ ఫైలును బరువు తగ్గించినా, మళ్లీ ప్రింట్ టు పీడీఎఫ్ చేసినా ముద్ర చెదిరిపోతుంది. అందుకే అసలు ఫైలును ముట్టుకోకుండా ఒకచోట ఉంచి, నకలు మీదే ప్రయోగాలు చేయండి.

దిద్దడం వచ్చింది కదాని మార్కుల మెమోలో అంకె మార్చడం, జీతం చీటీలో సున్నా చేర్చడం లాంటి ఆలోచన పిల్లలకు వస్తే మొగ్గలోనే తుంచేయండి. అది ఫోర్జరీ. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అది శిక్షపడే నేరమే.

బయట చేయించాల్సి వస్తే

అందరి ఇళ్లలో కంప్యూటరు ఉండదు. షాపుకు వెళ్లక తప్పకపోతే మొహమాటపడకండి. పని కాగానే "తమ్ముడూ, మా ఫైళ్లు డెస్క్‌టాప్ మీదా, డౌన్‌లోడ్స్‌లోనూ తీసెయ్యి. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యి" అని నిలబడి చేయించుకోండి. అక్కడ మీ వాట్సాప్ గానీ, మెయిల్ గానీ తెరిస్తే లాగౌట్ అయ్యే కదలండి.

ఇంటర్నెట్లో ఉచితంగా పీడీఎఫ్ కుదించే, కలిపే వెబ్‌సైట్లు కొల్లలు. అక్కడ ఫైలు పెట్టడమంటే చాలాసార్లు మన కాగితం ఎక్కడో ఉన్న మరో కంప్యూటరుకు వెళ్లడమే. పేరంటం పిలుపు, పూజ వివరాలకు పరవాలేదు. బ్యాంకు కాగితాలు, ఆస్పత్రి రిపోర్టులు, ఆధార్, పాన్‌లకు మాత్రం ఇంట్లో కంప్యూటరులో పనిచేసే సాఫ్ట్‌వేర్లనే వాడండి.

పంపేముందు ఒక్క నిమిషం

ఏం దాచినా సరే, పంపేముందు ఈ పరీక్ష చేయండి. ఫైలు తెరిచి 'సెలెక్ట్ ఆల్' నొక్కి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్టు చేయండి. దాచిన అంకె గానీ, అక్షరం గానీ కనిపించిందా? పీట వేశారే తప్ప ముగ్గు కడగలేదన్నమాట. ఏమీ కనిపించకపోతే, పట్టీ వేసినచోట బాగా పెద్దది చేసి మసకగా ఏమైనా మిగిలిందేమో కూడా చూడండి.

మొదటి కథలోని ఆ అమ్మాయి ఈ పని చేసి ఉంటే ఒక్క నిమిషం పట్టేది. గుమ్మంలో ఆ అపరిచితుడు నిలబడేవాడే కాదు.